చిలకా గోరింకా తొర్ర కోసం కొట్టుకుంటున్నాయా? ఆ మోడు అప్పుడే నరకకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పెరట్లో పిడుగుపడి తల పోయిన కొబ్బరి మోడు, దాని పైభాగంలో ఒక తొర్ర. డిసెంబరు నుంచీ అందులోకి రామచిలకల జంట ఒకటి వస్తూపోతూ ఉంది, ఈమధ్య గోరింకలు దిగి రోజూ పొద్దున్నే వాటితో గొడవ. మోడు ఎప్పుడు ఇంటిమీద పడుతుందోనని మీ అమ్మగారికి టెన్షన్, నరికించేద్దాం అంటున్నారు. మీ అబ్బాయికేమో నరికే ముందు అందులోంచి ఒక పిల్ల చిలక కావాలి. జంటలో ఒకదానికి మెడలో పట్టీ లేదు, అది వేరే జాతా అని మీ సందేహం. పైగా జామకాయలు ఒక్కటీ దక్కనివ్వడం లేదని ఫిర్యాదు. అన్నిటికీ చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను శాస్త్రవేత్తని కాదు. పాలమూరు వైపు బళ్ళో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి, ముప్ఫై ఏళ్లుగా బైనాక్యులర్స్ మెడలో వేసుకుని తిరుగుతున్నాను, అందులో సగం కాలం తొర్రల కిందే గడిచింది. చిలకని అర్థం చేసుకోవాలంటే దాని రంగు, దాని మాటలు కాసేపు పక్కనపెట్టి తొర్ర దగ్గర మొదలుపెట్టాలి. దాని బతుకంతా అక్కడే ఉంది.

ముందు గోరింకల సంగతి. కొత్త దంపతుల్ని చూసి "చిలకా గోరింకల్లా ఉన్నారు" అనేస్తాం. ఎవరు మొదలుపెట్టారో గానీ వాళ్లు జనవరిలో ఒక్క తొర్ర దగ్గరైనా పావుగంట కూర్చోలేదని మాత్రం చెప్పగలను. గోరింక గోరింకనే కట్టుకుంటుంది, చిలక చిలకనే. ఈ రెంటి మధ్యా ఉన్న బంధుత్వం ఒకటే, ఒకే ఇంటికోసం కోర్టుకెక్కిన దాయాదుల బంధుత్వం. కాళ్లు కాళ్లు పెనవేసుకుని తొర్ర దగ్గర్నుంచి కిందపడి, నేలమీద దొర్లుతూ కొట్టుకోవడం నా కళ్లతో చూశాను.

గొడవ ఎందుకంటే, చిలకకి ఇల్లు కట్టడం రాదు. గడ్డీ పుల్లా తెచ్చి గూడు అల్లదు, చెట్టుని తొలిచి కొత్తగా తొర్ర చేసుకోవడమూ దాదాపుగా చేతకాదు. వడ్రంగిపిట్ట ముక్కు ఉలి లాంటిది, పొడిచి పొడిచి గట్టి చేవలోకి కూడా దిగుతుంది. చిలక ముక్కు పట్టకారు లాంటిది, నొక్కి పగలగొట్టడానికీ కొరకడానికీ పనికొస్తుంది గానీ పొడవడానికి కాదు. అందుకని వడ్రంగిపిట్టో, కంసాలిపిట్టో తొలిచి వదిలేసిన రంధ్రాన్నో, కొమ్మ విరిగినచోట పుచ్చిపోయి ఏర్పడిన బొరియనో వెతుక్కుని, దాని నోటిని కొరికి కొరికి తన ఒంటికి సరిపోయేలా వెడల్పు చేసుకుంటుంది. లోపల పరుపు అంటూ ఏమీ ఉండదు, కొరికినప్పుడు రాలిన చెక్కపొట్టు మీదే గుడ్లు. చెట్లు దొరక్కపోతే గోడల్లో కన్నాలు. గోల్కొండ కోట గోడల దగ్గరా, కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరా సాయంత్రం పూట నిలబడితే రాళ్ల సందుల్లోంచి పచ్చటి తలలు బయటికి తొంగిచూడటం కనిపిస్తుంది. నాలుగు వందల ఏళ్ల కట్టడం మనకి చరిత్ర, వాటికి అద్దెలేని అపార్ట్‌మెంటు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. చిలకలూ గోరింకలూ రెండూ పరాయి పక్షులే అయిన ఇజ్రాయెల్‌లో, టెల్ అవీవ్‌లోని ఒక పెద్ద పార్కులో తొర్రల లెక్క తీశారు. అక్కడి వడ్రంగిపిట్ట తొలిచే రంధ్రం గోరింకకి ఇరుకు, లోపలికి దూరలేదు. చిలక వచ్చి నోరు వెడల్పు చేశాకే గోరింకకి దారి దొరుకుతోంది, ఆ తర్వాత అది చిలకనే బయటికి తరుముతోంది. అంటే వడ్రంగిపిట్ట పునాది వేస్తుంది, చిలక గుమ్మం పెడుతుంది, గోరింక గృహప్రవేశం చేస్తుంది. మన ఊళ్లలో మరీ అంత లెక్కగా జరగదు, మోడుల్లో పుచ్చిన తొర్రలు పెద్దవిగానే ఉంటాయి కాబట్టి. కానీ తొర్ర మూతి చుట్టూ తాజాగా కొరికిన లేత రంగు చెక్క కనిపిస్తే అది చిలక పనే అనుకోవచ్చు. మీ మోడుకి అలా ఉందేమో రేపు చూడండి.

మామూలుగా ఇద్దరికీ వేళలు వేరు. మన దక్షిణాదిలో చిలకలు డిసెంబరు, జనవరిల్లో తొర్రలు పట్టి, పిల్లల్ని ఏప్రిల్‌కల్లా బయటికి పంపేస్తాయి. గోరింకలకి అసలు సీజను ఎండాకాలంలో మొదలై వానల్లోకి సాగుతుంది. కాబట్టి ఒకే తొర్రలో ఒకటి ఖాళీ చేశాక ఇంకొకటి దిగడం చాలాచోట్ల సాఫీగానే జరిగిపోతుంది. అయితే తొర్రలు తక్కువైనచోట గోరింకలు ముందే వచ్చి తుండుగుడ్డ వేసుకుంటాయి, బస్సులో సీటుకి వేసినట్టు. మీ వీధిలో ఎండిన చెట్లన్నీ కొట్టేసి ఉంటారు, మీ మోడు ఒక్కటే మిగిలి ఉంటుంది, అందుకే ఈ తన్నులాట. ఇంకా పాలపిట్ట, చిన్న గుడ్లగూబ, ఉడుత కూడా అదే తొర్రమీద కన్నేసి ఉంటాయి, మీరు గమనించి ఉండరు. చిలకా తక్కువేం కాదు, ఆ ముక్కుతో ఒక్కసారి పట్టుకుంటే వదలదు.

మెడలో పట్టీ లేనిది వేరే జాతి కాదు, ఆడది. మగదానికి గడ్డం కింద నల్లటి గీత మొదలై మెడ రెండు వైపులా సాగి, వెనక గులాబీ రంగు కంఠిలో కలుస్తుంది. ఆడదానికి ఆ కంఠి ఉండదు, మరీ దగ్గరగా చూస్తే లేత పచ్చటి జాడ లాంటిది ఉంటుంది. ఒక చిక్కు ఏంటంటే మగపిల్లకి కూడా మూడో ఏడు వచ్చేదాకా కంఠి రాదు. కాబట్టి కంఠి ఉంటే మగదని ఖాయంగా చెప్పొచ్చు, లేకపోతే ఆడదైనా కావచ్చు, కుర్రదైనా కావచ్చు. పిల్లదానికి కన్ను నల్లగా ఉంటుంది, పెద్దయ్యేకొద్దీ కంటిపాప చుట్టూ వలయం లేతపసుపుకి తిరుగుతుంది. తొర్రలో గుడ్లమీద కూర్చునేది అదే అయితే మీది ఆడదే, అందులో అనుమానం అక్కర్లేదు.

ముక్కు రంగు కూడా చూడండి. మన దక్షిణాది, శ్రీలంక చిలకకి పైముక్కు ఎర్రగా, కిందిముక్కు నల్లగా ఉంటుంది. ఉత్తర భారతం వైపు దానికి కిందిముక్కులో కూడా ఎరుపు ఉంటుంది, ఒళ్లు కూడా కాస్త పెద్దది. శాస్త్రంలో రెండూ ఒకే జాతి, సిట్టాక్యులా క్రామెరి, 1769లో స్కోపోలీ పెట్టిన పేరు. ఆఫ్రికాలో సెనెగల్ వైపు నుంచి ఇథియోపియా దాకా ఉండే మరో రెండు ఉపజాతులు కలిపి మొత్తం నాలుగు. ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ సహజంగానే ఉన్న చిలక ఇదొక్కటే. పొడవు నలభై సెంటీమీటర్ల దాకా ఉంటుంది గానీ అందులో సగం పైగా తోకే. తూకం చూస్తే నూటముప్ఫై గ్రాముల లోపే, ఒక మంచి జామకాయ బరువు కూడా ఉండదు.

మన దగ్గర దీనితో పొరపాటు పడేవి రెండున్నాయి. భుజం మీద ఎర్రటి మచ్చ, బాగా లావు ముక్కు, దీనికన్నా ఒకటిన్నర రెట్లు పొడవు కనిపిస్తే అది అలెగ్జాండర్ పేరు పెట్టుకున్న పెద్ద చిలక. పంజరాల వాళ్ల కన్ను ఎక్కువగా దానిమీదే, మాట బాగా పలుకుతుందని. అందుకే దాని సంఖ్య తగ్గుతూ ఉంది. రెండోది రేగుపండు రంగు తల ఉన్న చిన్న చిలక, మగదాని తల ఎర్ర ఊదా, ఆడదాని తల బూడిద రంగు, అడవులకి దగ్గర ఊళ్లలో కనిపిస్తుంది, గొంతు కూడా మన చిలక లాగా కీచుగా ఉండదు. నల్లమల అంచుల్లో తిరిగేవాళ్లకి బాగా తెలుసు.

రంగు గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను, బళ్ళో పిల్లలకి చెప్పినప్పుడల్లా నమ్మేవాళ్లు కాదు. చిలక ఈకలో ఆకుపచ్చ రంగు పదార్థం అంటూ ఏదీ లేదు. ఈక లోపలి సన్నటి నిర్మాణం వెలుగుని చెదరగొట్టి నీలాన్ని వెనక్కి పంపుతుంది, దానిపైన పసుపు రంగు పదార్థం ఉంటుంది, నీలమూ పసుపూ కలిసి మన కంటికి పచ్చ. ఆ పసుపు పదార్థాన్ని చిలక జాతులే ఒంట్లో తయారుచేసుకుంటాయి, మిగతా పక్షుల్లా తిండిలోంచి తెచ్చుకునేది కాదు. పుట్టుకతో ఆ పసుపు తయారవకపోతే చిలక నీలంగా పుడుతుంది. నలుపు పదార్థం లేకపోతే వెనక తెర లేని సినిమాలా నీలం కనిపించదు, అప్పుడు ఒళ్లంతా పసుపు, కన్ను ఎరుపు. సంతల్లో "విదేశీ చిలక" అని నీలంవీ పసుపువీ చూపించి వేలు గుంజుతారు, జాతి ఇదే.

సరే, తొర్రలోకి వద్దాం. జత కట్టే ముందు ఆట చూడాల్సిందే. ఆడది కళ్లు తిప్పుతూ తలని అర్ధచంద్రాకారంలో అటూ ఇటూ ఊపుతుంది, మగది ఒక కాలెత్తి నిలబడి, బిగుసుకుని, దగ్గరకి జరిగి ముక్కుకి ముక్కు రాసి, తిన్నది వెనక్కి తెచ్చి దాని నోట్లో పెడుతుంది. ఏడాదిలో మిగతా కాలం అంతా ఆడదే పెత్తనం, కొమ్మమీద మంచిచోటు దానిదే, మగది దగ్గరికొస్తే ముక్కుతో ఒకటి ఇచ్చి తరిమేస్తుంది. ఈ రెండు మూడు నెలలు మాత్రమే మగదానికి కాస్త మర్యాద. మన్మథుడికి వాహనంగా చిలకని ఇచ్చినవాళ్లు ఈ ఆట చూసే ఇచ్చి ఉంటారని నా అనుమానం.

మూడు నాలుగు గుడ్లు, తెల్లగా గుండ్రంగా ఉంటాయి. చీకటి తొర్రలో దాక్కోవాల్సిన పని లేదు కాబట్టి మచ్చలూ రంగులూ అక్కర్లేదు. మూడు వారాలు దాటాక ఒక్కొక్కటే పొదుగుతాయి, అన్నీ ఒకేరోజు కాదు, అందుకే ఒకే తొర్రలో పిల్లలు అంచెలంచెలుగా ఉంటాయి. పుట్టినప్పుడు కళ్లు మూసుకుని, ఒంటిమీద ఈక లేకుండా, గులాబీ రంగు ఎలకపిల్లల్లా ఉంటాయి. ఆ రోజుల్లో ఆడది దాదాపు బయటికి రాదు, మగది తిండి తెచ్చి తొర్ర మూతి దగ్గర అందిస్తుంది. మగది వచ్చేముందు దూరంనుంచే ఒక పిలుపు పిలుస్తుంది, ఆ గొంతు వినగానే ఆడది తల బయట పెడుతుంది. పక్క కొమ్మమీద ఇంకో మగది అరిచినా కదలదు. పిల్లలు ఎగిరేసరికి ఆరు ఏడు వారాలు. మొత్తంమీద గుడ్డు పెట్టిన రోజునుంచి తొర్ర ఖాళీ అయ్యేదాకా రెండున్నర నెలలు వేసుకోండి. జెర్రిపోతు, ఉడుము, డేగ, కాకి, కోతి వీటన్నిటికీ ఆ రెండున్నర నెలలూ అదే పని. మీ కొబ్బరి మోడు నున్నగా నిటారుగా ఉంది కాబట్టి పాము ఎక్కడం కొంచెం కష్టం, చిలకలు ఎండిన తాటి, కొబ్బరి మోడుల్ని ఇష్టపడటానికి అదీ ఒక కారణం అనుకుంటాను.

ఇప్పుడు మీ అబ్బాయి కోరిక. నొచ్చుకోకండి, సూటిగా చెప్తాను. వద్దు. మొదటిది చట్టం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఇది రక్షిత పక్షి, 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూలులో ఉంది. పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెట్టుకోవడం అన్నీ నేరమే. "మా తాతల కాలంనుంచీ అందరిళ్లలో ఉండేది కదా" అంటారు, ఉండేది, మా ఇంట్లోనూ ఉండేది. 1990ల మొదటినుంచీ మన దేశపు అడవి పక్షుల వ్యాపారమంతా నిషిద్ధమే, మనమే పట్టించుకోలేదు. చిలక జోస్యం వాళ్ల చిలకలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, రెక్కలీకలు కత్తిరించి కార్డు తీయించడం ఈమధ్య బాగా తగ్గింది. అబ్బాయికి పెంచుకోవాలనే ఉంటే బడ్జెరిగార్ లాంటివి ఉన్నాయి, మనవాళ్లు లవ్‌బర్డ్స్ అని పిలుస్తారు, ఆస్ట్రేలియావి, తరతరాలుగా పంజరాల్లోనే పుట్టినవి. వాటి సంగతి వేరు.

చట్టం కన్నా నాకు బాధ కలిగించేది ఇంకొకటి. పిల్లల్ని పట్టేవాళ్లు తొర్రలో చెయ్యి పట్టక గొడ్డలితో మూతి చీలుస్తారు. ఆ ఏడు పిల్లలు పోవడం ఒకటైతే, ఆ తొర్రే శాశ్వతంగా పోతుంది, వానొస్తే నీళ్లు నిండుతాయి, ఇంకే పక్షీ వాడుకోలేదు. పుచ్చి ఒక తొర్ర తయారవడానికి ఏళ్లు పడుతుంది, పోవడానికి నాలుగు దెబ్బలు చాలు. మా ఊరి చెరువుగట్టు మీద నిద్రగన్నేరు చెట్లకి ఒకప్పుడు వరసగా తొర్రలు ఉండేవి, ఇప్పుడు చీల్చిన గాట్లు మాత్రమే కనిపిస్తాయి.

మాటలు నేర్పుదామనేగా అసలు ఆశ. బయట తిరిగే చిలక మామూలుగా మనిషి మాట పలకదు. గుంపులో తనవాళ్ల పిలుపులు నేర్చుకోవడం, వాటిని తిరిగి పలకడం దాని బతుకులో భాగం. పంజరంలో తనవాళ్లు లేరు కాబట్టి ఇంట్లోవాళ్లనే గుంపు అనుకుని "అమ్మా", "ఎవరూ" అని పిలుస్తుంది. చిలకపలుకులు అంటే అర్థంలేని మాటలు అంటాం. దానికి మాత్రం అందులో ఒక అర్థం ఉంది, నేనూ మీలో ఒకణ్ణే అని. మగదే మాట్లాడుతుంది, ఆడది మాట్లాడదు అనేదీ నిజం కాదు. ఇరవై ముప్ఫై ఏళ్లు బతికే ప్రాణి అది, మీ అబ్బాయి పెళ్లయ్యాక కూడా ఉంటుంది. ఎవరు చూస్తారు?

పిల్ల కిందపడి దొరికితే మాత్రం ఏం చేయాలో చెప్తాను. నిచ్చెన అందితే తిరిగి తొర్రలో పెట్టేయండి, చెయ్యి తగిలితే తల్లి రానివ్వదు అనేది వట్టి మాట. ఈకలు బాగా వచ్చి కాస్త ఎగరగలిగేదైతే పిల్లికి అందని కొమ్మమీద పెట్టి దూరంగా జరగండి, తల్లిదండ్రులు వస్తాయి. దెబ్బ తగిలిందైతే అటవీశాఖ వాళ్లకి చెప్పండి. పాలూ అన్నం పెట్టకండి.

జామకాయల గొడవ. దీంట్లో నేను మీవైపే, ఎందుకంటే నా చిన్నప్పుడు మా తాత జొన్నచేలో మంచె మీద వడిసెల పట్టుకుని నిలబడినవాణ్ణి నేను. తెల్లవారుజామున చిలకల గుంపు దిగిందంటే కంకుల మీద పచ్చటి గుడ్డ పరిచినట్టుండేది. ఒక కంకిలో నాలుగు గింజలు తిని పది రాల్చి ఇంకో కంకి మీదికి. మా వైపు జొన్న మానేసి పత్తికి పోవడానికి చెప్పుకునే కారణాల్లో పిట్టల బెడద కూడా ఒకటి, చుట్టుపక్కల అందరూ మానేశాక మిగిలిన ఒక్క చేనుమీదే గుంపంతా పడేది కాబట్టి చివరివాడు కూడా మానేయక తప్పేది కాదు. పొద్దుతిరుగుడు, మొక్కజొన్న, దానిమ్మ, మామిడి దేన్నీ వదలవు. మిరపకాయలు కూడా. కారం మనకి తెలిసేది నోట్లోని ఒక రకం నరాల గ్రాహకం వల్ల, పక్షుల్లో ఆ గ్రాహకం కారానికి స్పందించదు. అందుకని గుంటూరు మిర్చి అయినా దానికి గింజలున్న ఒక ఎర్రటి కాయ, అంతే.

దాని ముక్కు తినే తీరు ఒకసారి చూడండి. పైముక్కు కూడా కదులుతుంది, మన పైదవడ అయితే కదలదు. కాళ్లకి రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి, అందుకే కాయని చేత్తో పట్టుకున్నట్టు కాలితో పట్టుకుని నోటి దగ్గరకి తెచ్చుకుంటుంది, మందపాటి నాలుకతో గింజని తిప్పి పొట్టు ఒలిచి పారేస్తుంది. జామకాయ గుజ్జు దానికి పెద్దగా పట్టదు, గింజలే కావాలి, అందుకే పచ్చికాయల్ని కూడా కొడుతుంది. గింజని నమిలేస్తుంది కాబట్టి పండ్లు తినే మిగతా పిట్టల్లా అది చెట్లని నాటే పక్షి కూడా కాదు. ఫాల్గుణంలో మోదుగ పూలు, బూరుగు పూలు విరిసినప్పుడు తేనె కోసం పూవునే తుంచి పారేస్తుంది. దుబారా మనిషి, ఒప్పుకుంటాను.

చిలక కొట్టిన జామపండు తియ్యన అంటారు కదా. కొట్టడం వల్ల తీపి రాదు. గాయం తగిలిన కాయ తొందరగా మాగుతుంది, జామ అలాంటి జాతే, మనం రెండ్రోజుల తర్వాత అదే కాయ తిని చిలకకి పేరిస్తాం. చిన్నప్పుడు కడుపునిండా తిన్నాను కానీ ఇప్పుడు పిల్లలకి పెట్టొద్దనే చెప్తాను, రాత్రి గబ్బిలం కొరికిందో పగలు చిలక కొట్టిందో పండు చూసి తేల్చడం కష్టం.

ఇంట్లో ఒక్క చెట్టే కాబట్టి కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే గుడ్డసంచి గానీ కాగితం సంచి గానీ కట్టేయండి, పైకొమ్మల్లో నాలుగైదు వాటికి వదిలేయండి. పొలాలున్నవాళ్లు చదువుతుంటే వాళ్లకో మాట. మెరిసే ఎర్రరంగు వెండిరంగు రిబ్బన్లు పురి తిప్పి కట్టడం, మొక్కజొన్న కంకిని దాని పక్క ఆకులతోనే చుట్టేయడం లాంటివి రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పక్షుల విభాగంవాళ్లు చాలాకాలంగా చెప్తున్నారు. ఎక్కువ నష్టం గట్ల పక్కన వరసల్లోనే కాబట్టి కంకులు చుట్టే పని అక్కడ చేసినా చాలావరకు దక్కుతుంది. రిబ్బను మాత్రం గింజ పాలు పోసుకునేటప్పుడే కట్టాలి, నెల ముందే కడితే అలవాటు పడిపోయి దానిమీదే కూర్చుంటాయి.

ఇంతకీ ఇదే చిలక ఇంకోచోట ఏం చేస్తోందో తెలిస్తే మీకు ఆశ్చర్యం. లండన్‌లో ఉన్న మా మేనకోడలు ఒక డిసెంబరులో వీడియో పంపింది, ఆకుల్లేని చెట్టుమీద, మంచులో, మన రామచిలకలు. పంజరాల్లోంచి తప్పించుకున్నవీ వదిలేసినవీ కలిసి 1970ల నుంచి అక్కడ కాపురం పెట్టేశాయి. జిమి హెండ్రిక్స్ అనే గిటారు ఆయన రెండు వదిలాడట అని అక్కడివాళ్లు కథ చెప్పుకుంటారు, దాన్ని 2019లో పరిశోధకులు పాత రికార్డులన్నీ మ్యాపు మీద పెట్టి చూసి కొట్టిపారేశారు. బ్రస్సెల్స్‌లో 1974లో ఒక వినోదపార్కు వాళ్లు నలభై దాకా వదిలారు, ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. యూరప్ చిలకల డీఎన్‌ఏ చూస్తే ఎక్కువభాగం ఉత్తర భారతం, పాకిస్తాన్ వైపువని తేలింది. హిమాలయాల పాదాల చలి రుచి చూసినవి కాబట్టి తట్టుకున్నాయి, మన పాలమూరు చిలక అయితే ఏమయ్యేదో.

అక్కడ కూడా గొడవ మళ్లీ తొర్ర కోసమే. స్పెయిన్‌లో సెవిల్ నగరం పార్కులో అరుదైన ఒక పెద్ద గబ్బిలం ఉండే తొర్రల్ని ఇవి ఆక్రమించి, గబ్బిలాల్ని కొరికి చంపడం దాకా వెళ్లాయి. సీషెల్స్ దీవుల దేశంలో, అక్కడి సొంత నల్లచిలకకి ముప్పని మాహే దీవిమీద ఏళ్లతరబడి వేటాడి 2017 నాటికి ఆఖరి రామచిలకని కూడా కాల్చేశారు. మారిషస్‌లో దీనికి దగ్గరి చుట్టమైన చిలక ఒకటుంది, 1980ల్లో పది పన్నెండుకి పడిపోయింది, పెట్టెలు కట్టి పిల్లల్ని చేత్తో సాకి వందల్లోకి తెచ్చారు, అక్కడ కూడా పక్కనే మన చిలక తొర్రలకి పోటీ. మన పెరట్లో గోరింకతో తన్నులు తినే పక్షే అక్కడ రౌడీ.

ఇక మీ మోడు. మీ అమ్మగారి భయం వట్టిది కాదు, ఎండిన కొబ్బరి మొదట్లో పుచ్చితే గాలివానకి పడుతుంది. కానీ ఇప్పుడు కాదు, గాలిదుమారాలు ఏప్రిల్, మే నెలల్లో కదా. ముందు మొదలు దగ్గర గునపంతో తట్టి చూడండి, గట్టిగా ఉంటే ఏప్రిల్ దాకా ఢోకా లేదు. ఇంకా అనుమానమైతే ఇంటికి అవతలి వైపు చెట్టుకి తాడు బిగించి కట్టండి. రోజూ పొద్దున ఏడింటికి అయిదు నిమిషాలు చూస్తూ ఉండండి. ఆడది లోపలే ఉండి మగది వచ్చిపోతుంటే గుడ్లు. రెండూ మార్చి మార్చి వస్తూ, లోపలినుంచి గురగుర చప్పుడు వినిపిస్తుంటే పిల్లలు. పిల్లల తలలు మూతి దగ్గర కనిపించడం మొదలయ్యాక ఇంకో వారం పది రోజులు. వరసగా నాలుగు రోజులు ఎవరూ రాకపోతే ఖాళీ అయినట్టే, అప్పుడు నరికించండి. గోరింకలు సామాను దించేలోపు ఆ పని అయిపోవాలి, వాటికీ పాపం మళ్లీ మొదలు.

నరికించేటప్పుడు ఆ పనివాడికి ఒకటి చెప్పండి. తొర్ర ఉన్న ముక్కని పైనా కిందా ఒక్కో మూర వదిలి విడిగా కోయమనండి. పైన ఒక రేకు ముక్క కొట్టి, అడుగున నీళ్లు నిలవకుండా రెండు కన్నాలు పెట్టి, మీ పెరట్లో వేపచెట్టుకో వీధిలో రావిచెట్టుకో రెండు నిలువుల ఎత్తున నిటారుగా కట్టించండి, మూతి పడమటెండ తగలని వైపుకి. ఇనపతీగతో చెట్టుని కొయ్యకుండా మధ్యలో పాత టైరు ముక్క పెట్టండి. నేను కట్టిన దాంట్లో మొదటి ఏడు ఉడుత దూరింది, రెండో ఏడు గోరింకలు, మూడో ఏడు డిసెంబరులో ఒక కంఠి చిలక వచ్చి మూతి కొరకడం మొదలుపెట్టింది.